ఒకాయన తన పాపం నాతో ఒప్పుకున్నాడు. విన్నవాడు ఏం చెయ్యాలి?

మహేంద్రతనయ గట్టు (గజపతి జిల్లా)

అందరికీ వందనాలు. ఇక్కడ చదవడమే గాని నేను రాసింది తక్కువ. ఈసారి రాయక తప్పలేదు.

మాది బాప్టిస్టు సంఘం. ఊరు, సంఘం పేరు అడక్కండి. పర్లాకిమిడి చుట్టుపక్కల తెలుగు విశ్వాసుల్లో ఒకరికొకరు తెలియని ఇల్లు ఉండదు. నేను సంఘ కమిటీలో ఉన్నాను. మా గృహకూటానికి వచ్చే ఒక అన్న, వయసులో నాకంటే పెద్ద, మొన్న కూటం అయ్యి అందరూ వెళ్లిపోయాక ఆగాడు. బైబిలు తీసి యాకోబు 5:16 చదివాడు. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి." తర్వాత సంగతి చెప్పాడు. మందిరం కట్టినప్పుడు సిమెంటు, ఇనుము కొన్నది ఆయన చేతుల మీదుగానే. ఆ సొమ్ములో కొంత ఇంటికి వాడుకుని బిల్లులు సర్దేశాడట.

ఇంతవరకే అయితే ఇక్కడికి వచ్చేవాణ్ణి కాదు. అప్పట్లో సామాను తగ్గిందని గొడవైతే, అనుమానం మందిరానికి కాపలా ఉండే మనిషి మీదికి పోయింది. ముఖం మీద దొంగ అని ఎవరూ అనలేదు. పని మాన్పించేశారు, అంతే. ఆయన పెళ్లాం పిల్లలతో గుణుపురం వైపు వెళ్లిపోయాడు. ఇప్పుడు ఏ ఆరాధనకీ పోవడం లేదంటారు.

మా అన్న ఏడ్చాడు. ఇద్దరం మోకరించి ప్రార్థన చేసుకున్నాం. లేచి, "ఇది దేవుడికీ నీకూ నాకూ మధ్యనే ఉండాలి తమ్ముడూ" అన్నాడు. సరే అన్నాను. ఆయనకి ఆ రాత్రి బాగా నిద్ర పట్టే ఉంటుంది. నాకైతే పట్టలేదు. రాబోయే కమిటీ ఎన్నికల్లో కోశాధికారిగా ఆయన పేరే అనుకుంటున్నారు మరి.

ఒప్పుకోమని చాలా ప్రసంగాలు విన్నాను. విన్నవాడు ఏం చెయ్యాలో ఏ ప్రసంగంలోనూ వినలేదు.


కీర్తన 32 (బరంపురం)

బ్రదర్, చిక్కంతా మొదట్లోనే ఉంది. మనిషి దగ్గరికి పోవడమెందుకు? "దేవునికిని నరులకును మధ్యవర్తియు ఒక్కడే" అని 1 తిమోతి 2:5. దావీదు 32వ కీర్తనలో ఒప్పుకున్నది యెహోవా సన్నిధిలో. మన పాపాలు ఒప్పుకుంటే ఆయన క్షమిస్తాడని 1 యోహాను 1:9లో ఉంది గాని, పక్కింటాయన క్షమిస్తాడని లేదు. యాకోబు రాసింది రోగుల కోసం చేసే ప్రార్థన సందర్భంలో. ఆ అన్న గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ఉంటే నీకీ తలనొప్పి ఉండేదే కాదు.


తూనికరాయి (రాయగడ)

కీర్తన గారూ, తలుపు వేసుకుని ఉంటే మహేంద్ర గారికి తలనొప్పి ఉండేది కాదు, ఒప్పుకుంటాను. గుణుపురంలో ఉన్నాయన మాత్రం దొంగగానే మిగిలిపోయేవాడు. దావీదు సంగతంటారా, నాతాను ప్రవక్త వచ్చి "ఆ మనుష్యుడవు నీవే" అనేదాకా ఆయన నోరు విప్పలేదు.

నేను కథోలికుణ్ణి. కొన్నేళ్లు గురువిద్యాలయంలో (ఫాదర్లు కాబోయేవాళ్లు చదివేచోట) చదివి బయటికొచ్చాను. ఇప్పుడు మా విచారణలో, అంటే మా స్థానిక సంఘంలో, మతబోధ చేసే ఉపదేశికి సాయం చేస్తుంటాను. మా దగ్గర పాపసంకీర్తనం, అంటే గురువు (ఫాదర్) దగ్గర పాపాలు ఒప్పుకోవడం, దివ్యసంస్కారం కాబట్టి, మీరడిగిన ప్రశ్న మీద, అంటే విన్నవాడి సంగతి మీద, వందల ఏళ్లుగా ఆలోచించారు. 1215 నాటి నాలుగో లాతరాను మహాసభ (కథోలిక బిషపుల సభ), బుద్ధెరిగిన ప్రతి విశ్వాసీ ఏడాదికి ఒక్కసారైనా గురువు దగ్గర పాపాలు చెప్పుకోవాలంది. చాలామందికి తెలిసింది అంతవరకే. అదే తీర్మానంలో, విన్నది బయటపెట్టిన గురువుని పదవి నుంచి దించి, కఠినమైన మఠంలో జీవితాంతం ప్రాయశ్చిత్తం చేయించాలని కూడా ఉంది. చెప్పుకునేవాడి మీద ఒక విధి పెట్టినచోటే వినేవాడి మీద అంతకంటే పెద్దది పెట్టారు. ఇప్పటి మా సంఘ ధర్మశాస్త్రంలో అది కానన్ (నియమం) 983. మాటతో గాని, సైగతో గాని, ఏ కారణం చేతనైనా గాని బయటపెట్టరాదు. నేరుగా బయటపెట్టిన గురువు ఆ క్షణమే వెలి అయిపోతాడు.

మహేంద్ర గారికి పనికొచ్చేది దాని పక్కనున్న కానన్ 984. బయటికి చెప్పకపోయినా సరే, పాపసంకీర్తనంలో తెలిసినదాన్ని ఆ మనిషికి నష్టం కలిగేలా వాడకూడదు. పెత్తనంలో ఉన్నవాడు దాన్ని పరిపాలనలో అసలు వాడకూడదు. అందుకే గురువిద్యాలయం అధిపతి తన దగ్గరున్న విద్యార్థుల పాపసంకీర్తనం మామూలుగా వినడు, వాళ్లంతట వాళ్లు అడిగితే తప్ప. వినే చెవి ఒకటి, పదవులిచ్చే చెయ్యి ఇంకొకటి అయ్యుండాలని ఆ ఏర్పాటు. మీ అన్న కమిటీలో ఉన్న మనిషిని ఎంచుకున్నాడు. తెలిసి ఎంచుకున్నాడో తెలియక ఎంచుకున్నాడో నాకు తెలీదు గాని, ఇప్పుడు మీరు ఓటు వేసినా ఇబ్బందే, వెయ్యకపోయినా ఇబ్బందే.

ఇదే సంగతి మా ఫాదర్ గారి దగ్గర చెప్పుకుని ఉంటే ఏమయ్యేది? ఆయన ఎవరికీ చెప్పడు. కానీ ఊరికే విమోచనం (పాపక్షమాపణ మాట) పలికి పంపించడు కూడా. దొంగిలించింది తిరిగివ్వాలి, పోగొట్టిన పరువు తిరిగి నిలబెట్టాలి. మా బోధ గ్రంథం కథోలిక సత్యోపదేశంలో 1459వ పేరా ఇదే చెబుతుంది. "అలా చేస్తావా?" అని అడుగుతాడు. చెయ్యనంటే విమోచనం వాయిదా. రహస్యమూ ఉంటుంది, గట్టిదనమూ ఉంటుంది. మీ ఇద్దరి ప్రార్థనలో రెండోది జారిపోయినట్టుంది.

(మా రాయగడ వైపు ఒక తమాషా. మా నాయనమ్మకి తెలుగు తప్ప రాదు. అప్పటి ఫాదర్ గారు మలయాళీ, ఒడియా కష్టపడి నేర్చుకున్నారు. ఆవిడ తెలుగులో చెప్పుకునేది, ఆయన ఒడియాలో ప్రాయశ్చిత్తం చెప్పేవారు. "ఆయనకి అర్థమైందా?" అని మేం నవ్వితే, "దేవుడికి అర్థమైంది, ఆయన చెవి అద్దెకిచ్చాడంతే" అనేది.)


మహేంద్రతనయ గట్టు

తూనికరాయి గారూ, బాగా చెప్పారు. కానీ నేను గురువుని కాదు, అది సంస్కారం కూడా కాదు. నేనన్న "సరే" నన్ను ఎంతవరకు కట్టేస్తుంది?


కాఫీ తోట (కోరాపుట్)

ఈ రెండింటికీ మధ్య ఇంకొకటి ఉంది. మాది లూథరన్ సంఘం. 1880ల్లో ఉత్తర జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి వచ్చిన మిషనరీలు ఈ కొండల్లో మొదలుపెట్టిన పని ఇప్పుడు జయపురం ఎవాంజెలికల్ లూథరన్ చర్చి. మా సంఘాలకి మూలపురుషుడైన లూథర్ పాపసంకీర్తనాన్ని తీసేశాడని చాలామంది తెలుగు క్రైస్తవులు అనుకుంటారు. తీసెయ్యలేదు. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు (లూథరన్ల విశ్వాస ప్రకటన) 11వ అంశం, విడిగా ఒప్పుకుని క్షమాపణ వాక్యం వినే పద్ధతి సంఘాల్లో ఉంచాలనే చెబుతుంది. పాపాలన్నీ లెక్కపెట్టి చెప్పాలన్న నియమం మాత్రం వద్దంది. "తన పొరపాటులు కనుగొనగలవాడెవడు?" అని 19వ కీర్తన మాటే అక్కడ ఎత్తుకున్నారు.

లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో ఒప్పుకోలుకి రెండు భాగాలు. మనం చెప్పడం ఒకటి. ఎదుటివాడి నోట క్షమాపణను దేవుడి నోట విన్నట్టే వినడం రెండోది. ఆ రెండో భాగానికే ఆయన ఎక్కువ విలువిచ్చాడు.

కీర్తన గారి మాటకి జవాబు జర్మన్ లూథరన్ పాస్టరు బోన్‌హోఫర్ దగ్గరుంది. ఆయన 1935 నుంచి 1937 వరకు ఫింకెన్‌వాల్డేలో పాస్టర్లు కాబోయే కుర్రాళ్లకి చదువు చెప్పాడు, ఒకరి దగ్గరొకరు ఒప్పుకోమని వాళ్లని ప్రోత్సహించాడు. 1945 ఏప్రిల్‌లో నాజీలు ఉరితీశారు. దేవుడితో మాత్రమే ఒప్పుకుంటున్నామనుకుని, నిజానికి మనతో మనమే ఒప్పుకుని మనకి మనమే మాఫీ ఇచ్చుకుంటున్నామేమో చూసుకోమన్నాడాయన. నన్ను అడిగితే, తలుపు వేసుకున్న గదిలో అది చాలా తేలిక.

మహేంద్ర బ్రదర్, మీరు మోకరించినప్పుడు క్షమాపణ మాట పైకి అన్నారా, లేక ఇద్దరూ ఏడ్చి లేచారా?


అప్ప (కాశీనగరం)

బావూ, మీరందరూ పుస్తకాలు బాగా సదివినారు. నాను సెప్పేది వేరు.

ఆడోళ్లం మేం ఎవరికి ఒప్పుకోవాలేటి? పాస్టరు గారికా? తలుపేసిన గదిలో మగ మనిషి ముందు కూకుని మనసులో మాట సెప్పడం నాకు సచ్చినా కుదరదు. 2018లో కేరళలో ఏటి జరిగిందో పేపర్లో సదివాం. ఒప్పుకున్న మాట పట్టుకుని ఒకామెను బెదిరించి పాడు సేసినారని కొందరు ఫాదర్ల మీద కేసు. ఆ ఏడే జాతీయ మహిళా కమిషను ఈ ఒప్పుకోలు పద్ధతే తీసెయ్యమని సిఫార్సు సేసింది. తీసెయ్యడం నాకూ ఇష్టం నేదు. కానీ ఇనేవోడికి ఎంత బలం సిక్కుతాదో అందులో అగుపడతాది.

సరే, స్త్రీల కూటంలో సెప్పుకుందామంటే అదింకో తంతు. ఎవరూ కొండెం సెప్పరు. "ఫలానా సిస్టరు ఇంట్లో బాగోలేదు, గట్టిగా ప్రార్థన సెయ్యండమ్మా, ఇవరం అడక్కండి" అంటారు. ఇవరం సందేళకి పాతపట్నం దాటిపోద్ది. ప్రార్థన మనవి పేరు సెప్పి ఊరంతా తిప్పిన గుట్లు నాకు తెలుసు. కొండెగాడు గుట్టు బయటపెడతాడు, నమ్మకమైనోడు సంగతి దాస్తాడని సామెతలు 11:13లో ఉంది కదేటి. ఆ వచనం మా కూటంలో ఎవరూ సదవరు.

అందుకే సెప్తన్నాను. నిన్ను నమ్మి సెప్పినాడు. ఆ మాట కమిటీలో పెట్టకు, పాస్టరు గారికీ ఎత్తకు, నీ ఆడదానికీ సెప్పకు. ముందు ఆయన దగ్గరికే ఎళ్లు.


బరంపురం నల్లకోటు (బరంపురం)

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, ఎందుకంటే ఇక్కడ చాలామంది పాస్టరు గారికి చెబితే కోర్టు కూడా అడగదనుకుంటున్నారు.

మన దేశంలో అలాంటి రక్షణ లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ భార్యాభర్తల మధ్య మాటలకి 128వ సెక్షన్‌లోనూ, వకీలుకీ కక్షిదారుకీ మధ్య మాటలకి 132వ సెక్షన్‌లోనూ రక్షణ ఇచ్చింది. ఫాదరుకీ పాస్టరుకీ ఇవ్వలేదు. పాత 1872 చట్టంలోనూ లేదు. పోలీసు ముందు ఒప్పుకున్నది ముద్దాయి మీద రుజువుగా పనికిరాదు గాని, స్నేహితుడి ముందో సంఘ పెద్ద ముందో ఒప్పుకున్నది సాక్ష్యంగా వస్తుంది. కోర్టులు దాన్ని బలహీనమైన సాక్ష్యంగానే చూస్తాయి, వేరే ఆధారం తోడు కావాలంటాయి. అది వేరే సంగతి.

హత్యలాంటి కొన్ని ఘోర నేరాలు తెలిస్తే పోలీసులకు చెప్పాల్సిన బాధ్యత పౌరుడికి ఉంది. మహేంద్ర గారి సంగతి ఆ కోవలోకి రాదు. ఒక్కటి మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి. పిల్లల మీద లైంగిక నేరం గురించి ఎవరు ఒప్పుకున్నా, ఎవరు చెప్పుకున్నా, దాచడానికి లేదు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతి మనిషీ పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంఘంలో ఎవరికైనా "నీ మాట నా దగ్గరే ఉంటుంది" అని మాటిచ్చే ముందు ఈ ఒక్కటి మినహాయించి ఇవ్వండి. ప్రార్థన చేసి సర్దుకుందాం అన్న పెద్దల్ని నేను చూశాను. కోపం వచ్చేస్తుంది, ఇక రాయను.


సియోను బాట (జయపురం)

దేవునికి స్తోత్రం. సహోదరులారా, ఇంత తర్జనభర్జన దేనికి? యెహోషువ 7లో ఆకాను దొంగిలించి దాచినది ఇశ్రాయేలంతటి ముందూ బయటికి వచ్చింది. అపొస్తలుల కార్యములు 19:18లో విశ్వసించినవారు వచ్చి తాము చేసినవి తెలియజేసి ఒప్పుకున్నారు. మా సహవాసంలో రొట్టె విరిచేముందు సరిచేసుకోవలసింది సరిచేసుకుంటాం. సంఘం సొమ్ము తిన్నవాడు సంఘం ముందే నిలబడాలి. వచ్చే ఆదివారం లేచి చెప్పమనండి, అయిపోతుంది.


తూనికరాయి

అయ్యగారూ, అయిపోదు. లేచి చెప్పాక ఆయన కూతురి పెళ్లి మాటలు, ఆయన కొట్టుకి వచ్చే బేరాలు, అవన్నీ ఎక్కడ ఆగుతాయో మీరూ చూసే ఉంటారు.

ఈ సంగతి తొలి సంఘమే అనుభవించింది. ఘోర పాపాలకి అందరి ముందూ ప్రాయశ్చిత్తం అప్పట్లో ఉండేది. కొన్నిచోట్ల పాపాల పట్టీ రాయించి సంఘంలో చదివించేవాళ్లు. క్రీ.శ. 459లో పోపు మొదటి లియో ఇటలీ బిషపులకి ఉత్తరం రాసి దాన్ని మాన్పించాడు. గురువు దగ్గర రహస్యంగా చెప్పుకుంటే చాలన్నాడు. అందరి ముందూ చదివితే శత్రువులు దాన్ని పట్టుకుని కోర్టుకి ఈడుస్తారనీ, ఆ భయంతో జనం ప్రాయశ్చిత్తానికే రాకుండా పోతారనీ ఆయన చెప్పిన కారణం. ఆ తర్వాత ఐర్లండు సన్యాసుల ద్వారా, ఎన్నిసార్లయినా విడిగా చెప్పుకునే పద్ధతి ఐరోపా అంతా పాకింది.


సియోను బాట

రోము పోపు మాట మాకు ప్రమాణం కాదు.


కీర్తన 32

అయ్యగారితో ఇక్కడ ఏకీభవిస్తాను. యోహాను 20:23 చూపించి పాపాలు క్షమించే అధికారం మనుషులకుందనే మాట కూడా సువార్త ప్రకటన గురించే...


నిర్వాహకుడు

కీర్తన గారూ, తూనికరాయి గారూ, గురువుకి అధికారం ఉందా లేదా అన్నదానికి వేరే చర్చ తెరిచాను, అక్కడికి వెళ్లండి. ఇక్కడ మహేంద్ర గారి ప్రశ్న మీదే రాయండి.


చిల్లర కొట్టు (గుణుపురం)

నేను క్రైస్తవుణ్ణి కాదు. వాడుక ఖాతాదారుల్లో సగం మంది మీవాళ్లే గనుక చదువుతుంటాను. ఇన్ని పోస్టుల్లో డబ్బు తిరిగి కట్టే మాట ఒక్కాయనే ఎత్తాడు. మిగతావాళ్లంతా ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి అని. మా బజార్లో తప్పు ఒప్పుకున్నవాడిని మొదట అడిగేది "ఎంత, ఎప్పుడిస్తావ్?" అని. మీ పుస్తకంలో దానికి లెక్క లేదా?


కాపరి (రాయగడ జిల్లా)

సెట్టి గారూ, ఉంది. సంఖ్యాకాండము 5వ అధ్యాయం 6, 7 వచనాలు. పాపం ఒప్పుకోవాలి, తీసుకున్నది పూర్తిగా ఇవ్వాలి, దానిమీద అయిదో వంతు కలిపి ఇవ్వాలి, ఎవరికి అన్యాయం చేశాడో వాళ్లకే ఇవ్వాలి. సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్య అయితే నాలుగంతలు అన్నాడు. మీరు అడిగింది మంచి ప్రశ్న. మేం ప్రసంగాల్లో ఒప్పుకోలు దగ్గరే ఆగిపోతాం.

నేను చిన్న సంఘానికి పాస్టర్ని. కొండ మీద సవర, కొంధ పల్లెలు, కింద తెలుగు కుటుంబాలు, ఒడియా కుటుంబాలు. మనుషులు నాకు చాలా చెప్తారు. బైబిలు శిక్షణలో దీనికి నాకెవరూ ఏమీ నేర్పలేదు. విన్నాక నాలో నేను పెట్టుకున్న పద్ధతి చెప్తాను, ఎవరికైనా పనికొస్తే తీసుకోండి.

ఎవరైనా "అయ్యగారూ, మీతో ఒకటి చెప్పాలి" అంటే వెంటనే చెప్పనివ్వను. "చెప్పు, కానీ నీ తప్పు వల్ల ఇంకొకరు ఇప్పటికీ నష్టపోతుంటే ఆ సంగతి నేను నిన్ను వదలను" అంటాను ముందే. కొందరు అక్కడే లేచి వెళ్లిపోతారు. వెళ్లినవాళ్లలో సగం మంది మళ్లీ వస్తారు. విన్నాక వివరాలు తవ్వను, ముఖ్యంగా కుటుంబ సంగతులు. ఎవరి పేరూ అడగను. నా డైరీలో రాసుకోను. ఆదివారం ప్రసంగంలో ఆ వాసన కూడా రానివ్వను. ఇదే అన్నిటికంటే కష్టం, ఎందుకంటే విన్నదే నాలుక మీదికి వస్తుంది. ఆడవాళ్ల సంగతైతే అప్ప గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. వాళ్లు ఇద్దరు పెద్దావిడల దగ్గరికి వెళ్తారు, నేను వినను. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన వెస్లీ 1738లో తన చిన్న గుంపులకి నియమాలు రాసినప్పుడే ఆడా మగా వేరు, పెళ్లైనవాళ్లు కానివాళ్లు వేరు అని ఏర్పాటు చేశాడు. యాకోబు 5:16 నెరవేర్చడానికే ఆ గుంపులన్నాడు. కలిసిన ప్రతిసారీ, కిందటిసారి నుంచి తెలిసి చేసిన పాపాలేమిటని ఒకరినొకరు అడిగేవాళ్లు.

మహేంద్ర తమ్ముడూ, నీ సంగతికొస్తే. నువ్వు రెండు వేర్వేరు విషయాల్ని ఒకే మాటతో "సరే" అన్నావు. ఆయన పాపం ఆయనది, అది దాచు. కానీ కాపలా మనిషి పరువు ఆయనది కాదు, నీది కూడా కాదు. దాన్ని దాచిపెడతానని మాటివ్వడానికి నీకు హక్కు లేదు, అడగడానికి ఆయనకీ లేదు. ఈ ముక్క ఆయనకే, ఒంటరిగా ఉన్నప్పుడు, మెల్లగా చెప్పు. మత్తయి 5:23, 24 ఇద్దరూ కలిసి చదవండి. బలిపీఠం దగ్గర అర్పణ వదిలిపెట్టి ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడమంది. అక్కడ మధ్యలో కమిటీ లేదు.

ఇంకొకటి, నీ ప్రశ్నకి సంబంధం లేదు గాని. పాస్టర్లు ఎవరికి చెప్పుకుంటారు? జిల్లాలో నాకు తెలిసిన పాస్టర్లందరం ఒకరికొకరం "దేవుని కృప వల్ల పరిచర్య బాగుంది" అనే చెప్పుకుంటాం.


కాఫీ తోట

అయ్యగారూ, మీ చివరి మాటకి జవాబు రాద్దామని మొదలుపెట్టి తుడిపేశాను. కోరాపుట్ వైపు వస్తే ఇంటికి రండి.


అప్ప

పాస్టరు గారు సరిగ్గా సెప్పినారు. మహేంద్రా, ఏటి సేసినావో మళ్లీ రాయి.


మహేంద్రతనయ గట్టు

కొంచెం ఆలస్యమైంది, క్షమించండి.

కాపరి అయ్యగారు రాసింది రెండు మూడుసార్లు చదువుకుని వెళ్లాను. సంత రోజు సాయంత్రం ఆయన కొట్టు కట్టేసే వేళకి. "అన్నా, నీ మాట ఎవరికీ చెప్పలేదు, చెప్పను. కానీ గుణుపురం ఆయన సంగతి దాస్తానని అన్నది మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. ఆయనకి నువ్వే చెప్పాలి" అన్నాను.

చాలా కోపం వచ్చింది. "నమ్మి చెప్పుకున్నందుకు ఇదా?" అన్నాడు. దేవుడు క్షమించాక మళ్లీ తవ్వడం అవిశ్వాసం అన్నాడు. కీర్తన గారి వచనాలే అన్నీ చెప్పాడు (కీర్తన గారూ, ఏమీ అనుకోవద్దు). నేను వాదించలేదు. మత్తయి 5 మాత్రం చదివి వినిపించాను. బయటికి పొమ్మన్నాడు.

తర్వాతి వారం కూటానికి రాలేదు. ఆ పై వారం వచ్చాడు, వెనక కూర్చున్నాడు. కమిటీ మీటింగులో ఆయన పేరు చదివితే, ఒంట్లో బాగోలేదు, తనకి వద్దు అన్నాడు. నేను తల వంచుకుని కూర్చున్నాను. అందరూ పాపం అన్నారు.

నిన్న ఫోన్ చేశాడు. డబ్బు సర్దుకుంటున్నాడట, అయిదో వంతు కలిపి. గుణుపురం వెళ్దామా అని తనే అడిగాడు. నన్ను తోడు రమ్మంటున్నాడు. పాస్టరు గారిని, ఇద్దరు పెద్దల్ని కూడా తీసుకెళ్తే బాగుంటుందేమో అని ఆయన ఆలోచన. మీరేమంటారు?


సియోను బాట

దేవునికే మహిమ. పెద్దలు ఉండాలి. అవమానం సంఘం వల్ల జరిగింది గనుక సంఘమే వెళ్లాలి.


అప్ప

వొద్దు బావూ. నలుగురు మగోళ్లు తెల్ల సొక్కాలేసుకుని ఆటో దిగితే ఆ మడిసి మళ్లీ ఏ నింద మోపడానికొచ్చినారో అనుకుంటాడు. అంతమంది ముందు "క్షమించినాను" అనకపోతే ఎలా? ఆయన నోరు నొక్కేసినట్టే కదేటి. ముందు ఒక్కడే ఎల్లాలి, నువ్వు కావాలంటే ఈధి సివర నిలబడు. ఆయన పెళ్లాం కూడా ఉండగా సెప్పమను. పని పోయినప్పుడు ఇల్లు నడిపింది ఆవిడే. క్షమించమని అడగమను గాని, జవాబు అప్పుడే సెప్పమని కూకోవొద్దను. పెద్దలు ఎల్లాలంటే తరవాత ఎల్లి పని మాన్పించినందుకు ఆళ్ల క్షమాపణ ఆళ్లు అడగాలి. ఆళ్ల తప్పు కూడా ఉంది కదేటి, ఇచారణ నేకుండా పంపించేసినారు.


తూనికరాయి

అప్ప గారి మాటకి నా ఓటు. పెద్దలకి అసలు సంగతి చెప్పాలా వద్దా అన్నది కాపలా ఆయనే తేల్చాలి. తన పేరు సంఘం ముందు కడగాలని ఆయన అడిగితే మీ అన్న కాదనలేడు. అక్కర్లేదంటే అక్కడితో ఆగొచ్చు. అది ఆయన హక్కు.


బరంపురం నల్లకోటు

కాగితాలేవీ రాయించుకోకండి, "ఇకపై ఫిర్యాదు చెయ్యను" లాంటివి అసలే వద్దు. క్షమాపణ అడగడానికి వెళ్లి సంతకం అడిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.


మహేంద్రతనయ గట్టు

సరే అప్పా, ఒక్కడే వెళ్తాడు, నేను గుణుపురం దాకా తోడు వెళ్తాను. ఇంకో చిన్న సందేహం. మందిరం డబ్బు ఎలా కట్టాలి? పేరు బయటపడకుండా కానుక పెట్టెలో వేసేస్తానంటున్నాడు.


తూనికరాయి

మా దగ్గరైతే పేరు లేకుండా తిరిగి కట్టినా చెల్లుతుంది. గురువు చేతికిచ్చి పంపించేవాళ్లూ ఉన్నారు.


చిల్లర కొట్టు

పెట్టెలో వెయ్యడం బాగుంది గాని ఒక చిక్కుంది. అంత మొత్తం ఒకేసారి పెట్టెలో కనిపిస్తే ఎవరో ధనవంతుడు గొప్ప కానుక ఇచ్చాడని మీ పాస్టరు గారు మైకులో ఆశీర్వదించేస్తారు. పాత సామాను లెక్క తేలనిది తేలనట్టే ఉండిపోతుంది, కాపలా ఆయన మీద మచ్చా అలాగే ఉంటుంది. కవరులో పెట్టి, పైన "మందిర నిర్మాణం పాత లెక్కలో తక్కువ వచ్చిన సొమ్ము, తీసినవాడు తిరిగి కడుతున్నాడు" అని రాయించండి. పేరు అక్కర్లేదు. చేతిరాత గుర్తుపడతారనుకుంటే నా దగ్గరికి పంపండి, నేను రాసిస్తాను. కోశాధికారి ఎవరైతే వాళ్లు పద్దు పుస్తకంలో ఆ మాటే ఎక్కించాలి. కానుకల పద్దులో మాత్రం ఎక్కించనివ్వకండి.